సెమిస్టరు ముగిశాక మిగిలేదేమిటి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పరీక్షలు అయిపోయాయనగానే ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. పుస్తకాలు అటకెక్కుతాయి. నోట్సులు పాత పేపర్లవాడి తక్కెట్లోకి చేరతాయి. నెలల తరబడి కూర్చుని విన్న పాఠాలన్నీ అతను కిలో ఇంత అని తూచి తీసుకుపోతాడు. ఆ చదివినవాళ్ళు మన పిల్లలు కావచ్చు, ఈ రోజుల్లో మనమే కావచ్చు. మరి అంత చదువులోనూ మనకు మిగిలిందేమిటి? మార్కుల కాగితం ఒక్కటేనా? ఈవేళ మీతో మాట్లాడదలచుకున్నది దీన్ని గురించే.

ముందు ఈ సెమిస్టరు అన్న మాట సంగతి చూద్దాం. మా అక్కయ్యల కాలంలో డిగ్రీ అంటే ఏడాదికోసారి, వేసవి ముందు వచ్చే పెద్ద పరీక్ష. అప్పటిదాకా ఎలా గడిపినా చివరి రెండు నెలలు దీపం పెట్టుకుని కూర్చునేవారు. ఇప్పుడు ఏడాదిని రెండు భాగాలు చేశారు. ఒక్కో భాగంలో 15 నుంచి 18 వారాల పాఠాలు, ఆ వెంటనే పరీక్ష. ఆ భాగమే సెమిస్టరు.

కాలేజీకి రోజూ వెళ్ళే వీలులేని గృహిణుల కోసం సార్వత్రిక విశ్వవిద్యాలయాలున్నాయి. మన దేశంలో అటువంటివాటిలో మొదటిది 1982లో హైదరాబాదులోనే పెట్టారు. అప్పట్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ పేర మరొకటి వచ్చింది. పాఠ్యపుస్తకాలు వాళ్ళే ఇస్తారు. ఊళ్ళోని ఏదో ఒక కాలేజీలో సెలవురోజుల్లో తరగతులు పెడతారు. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆగిపోయిన నేను, పిల్లలు ఎదిగొచ్చాక అలా ఒక సెమిస్టరు చదివాను. అంచేత నేను చెప్పబోయేవి అక్కడి తరగతుల్లో విని, ఇంటికొచ్చి వంటింట్లోనూ పడకగదిలోనూ సరిచూసుకున్న సంగతులు.

మొదట ఆర్థికశాస్త్రం. ఆ పేరు వినగానే మనకెందుకులే, అది బ్యాంకులవాళ్ళ గొడవ అనుకుంటాం. నిజానికి మొదటి పాఠంలోనే మన ఇంటి సంగతి ఉంది. దాన్ని పుస్తకంలో అవకాశ వ్యయం అన్నారు. మాట పెద్దది గాని విషయం చిన్నదే. ఒక పని ఎంచుకున్నప్పుడు, దానికోసం వదులుకున్న పనుల్లో మేలైనదేదో అదే ఆ పనికి మనం పెట్టిన అసలు ఖర్చు.

ఇంటి దగ్గర నలభై రూపాయలకు దొరికే కూర, పెద్ద మార్కెట్టులో పాతికకే వస్తుందనుకోండి. ఎండన పడి వెళ్ళి రావడానికి రెండు గంటలు పట్టింది. మనం పదిహేను రూపాయలు మిగిలాయని సంతోషిస్తాం. ఆ రెండు గంటల్లో ఒక జాకెట్టు కుట్టి ఉండవచ్చు, పిల్లవాడి చేత లెక్కలు చేయించి ఉండవచ్చు, ఏమీ లేకపోతే కాసేపు నడుం వాల్చి ఉండవచ్చు. వదులుకున్నది ఏదైతే అది కూడా లెక్కలోకి రావాలి. మార్కెట్టుకు వెళ్ళొద్దని కాదు నా ఉద్దేశం. మన సమయానికి వెల సున్న అనుకుని లెక్క వేయడం తప్పని శాస్త్రమే చెబుతోందన్నమాట.

ఇదే తరగతిలో జాతీయాదాయం పాఠం వచ్చింది. ఇంగ్లండులో పిగూ అనే ఆర్థికవేత్త 1920లో వేసిన పుస్తకంలో ఒక తమాషా చూపించాడు. జీతం ఇచ్చి ఇల్లు చూసుకోవడానికి పెట్టుకున్న మనిషిని యజమాని పెళ్ళి చేసుకుంటే దేశపు ఆదాయం తగ్గుతుందట! ఎందుకంటే ఆవిడ పని అదే, ఇల్లు అదే, కాని జీతం ఆగిపోయింది గనుక ఆ పని లెక్కలోంచి జారిపోయింది.

తరగతిలో అందరం నవ్వాం. నవ్వు అయ్యాక మాస్టారు మన దేశపు లెక్క బోర్డు మీద రాశారు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. అంటే నిమిషం తక్కువ అయిదు గంటలు. ఇంటిపని చేసే మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. ఆ సర్వేని మళ్ళీ 2024లో చేశారు. మనది 289 నిమిషాలకు వచ్చింది. మనకు పది నిమిషాలు తగ్గాయి గదా, ఆ పది నిమిషాలూ వాళ్ళు అందుకున్నారేమో అనుకుంటే, వాళ్ళదీ 88కి దిగింది!

“మీరేం చేస్తూంటారు?” అని ఎవరైనా అడిగితే “ఏమీ లేదండీ, ఇంట్లోనే” అనేస్తాం. రోజుకు అయిదు గంటల పనిని ఏమీ లేదనడం మనకు అలవాటైపోయింది. ఆ పాఠం విన్న తర్వాత ఆ మాట నా నోట రావడం మానేసింది.

ఇక సగటు సంగతి. ఒక వాటాల ఇంట్లో అయిదు కుటుంబాలున్నాయనుకుందాం. నలుగురి నెల ఆదాయం వరసగా 20 వేలు, 22 వేలు, 25 వేలు, 28 వేలు. అయిదో ఆయనది 2 లక్షల 5 వేలు. మొత్తం 3 లక్షలు. అయిదు పెట్టి భాగిస్తే సగటున ఒక్కో ఇంటికి 60 వేలు. చూశారా, ఆ ఇంట్లో ఒక్కరికీ 60 వేలు రావడం లేదు! అదే ఆదాయాలను తక్కువనుంచి ఎక్కువకు వరసగా పేర్చి నడిమి అంకె చూస్తే 25 వేలు. దాన్ని మధ్యగతం అంటారు. ఆ ఇంటివాళ్ళ బతుకు ఎలా ఉందో అరవై వేల కంటె ఈ పాతిక వేలే సరిగా చెబుతుంది.

ఇది తెలిస్తే పేపర్లో అంకె కనబడగానే నమ్మేయం. పిల్లవాడి కాలేజీ ప్రకటనలో “మా విద్యార్థుల సగటు జీతం ఇంత” అని ఉంటే, నడిమివాడికి ఎంత వచ్చిందని అడుగుతాం. లక్షలు ఫీజు కట్టేముందు అడగవలసిన ప్రశ్న అది.

సైన్సు తరగతిలో నాకు మిగిలిన పాఠం ఒక నిమ్మకాయ కథ. 1747లో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు ఇంగ్లండువారి సాలిస్‌బరీ అనే ఓడలో పనిచేస్తున్నాడు. నెలల తరబడి సముద్రం మీదుండే నావికులకు స్కర్వీ అనే జబ్బు వచ్చేది. చిగుళ్ళు కుళ్ళి, నీరసించి చనిపోయేవారు. దానికి తలా ఒక మందు చెప్పేవారు. లిండ్ పన్నెండుమంది రోగులను తీసుకుని, అందరినీ ఒకేచోట ఉంచి, ఒకే తిండి పెట్టాడు. ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేసి ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చాడు. ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీరు, అలాగ. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరూ వారం తిరక్కుండానే తేరుకున్నారు. సి విటమిన్ అన్న పేరు పుట్టడానికి చాలా ముందు సంగతి ఇది. అయినా ఓడల్లో అందరికీ నిమ్మరసం ఇవ్వాలని నౌకాదళం నిర్ణయించేసరికి 1795 అయింది.

ఇందులో మనం నేర్చుకోవలసింది నిమ్మకాయ గుణం ఒక్కటే అయితే అది మనకు కొత్త కాదు. ఆయన పోల్చి చూసిన పద్ధతి ఉంది చూశారూ, అది ముఖ్యం. “మా ఆడపడుచు ఈ కషాయం తాగింది, షుగరు తగ్గింది” అని ఫోనులో ఒక కబురు వస్తుంది. మంచిదే. కాని ఆవిడ అదే నెలలో అన్నం తగ్గించిందా? నడక మొదలెట్టిందా? డాక్టరు మాత్ర మార్చాడా? అదే కషాయం తాగి తగ్గనివాళ్ళు ఎంతమంది? వాళ్ళు ఫోను చెయ్యరు గదా! ఈ నాలుగు ప్రశ్నలూ అడిగేదాకా ఇంట్లో వాడుతున్న మందులు ఆపవద్దు. ఒక సెమిస్టరు సైన్సులో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంటే చాలు, ఫీజు గిట్టినట్టే.

రాజనీతిశాస్త్రంలో రాజ్యాంగం, చట్టాలు ఎలా పుడతాయి, ఎలా మారతాయి అన్నవి చెప్పారు. ఉదాహరణకు తీసుకున్నది ఆడపిల్ల ఆస్తిహక్కు. ఇది మన గుమ్మం లోపలి విషయం గనుక కాస్త నిదానంగా చెబుతాను.

హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. తండ్రి స్వార్జితం వీలునామా రాయకుండా పోతే, కొడుకులతోపాటు కూతుళ్ళూ భార్యా సమానంగా వారసులే అని అప్పుడే అన్నారు. అయితే తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగపిల్లలకే ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా కూతుళ్ళకూ ఆ హక్కు ఇచ్చారు. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది అందలేదు. ఆ తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానహక్కు వచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం కోర్టుల్లో చాలా ఏళ్ళు నలిగింది. అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిపోయిన పంపకాలను ఈ చట్టం తిరగదోడదు.

ఇన్ని తేదీలు ఎందుకు చెప్పానంటే, మన ఇళ్ళలో చట్టాన్ని ఎవరూ తేదీతో చెప్పరు. “కట్నం ఇచ్చి పంపేశాం, ఇంక దానికేముంది” అని ఒకరంటారు. “ఆడపిల్లకు సగం వస్తుందట” అని మరొకరంటారు. పండక్కి పుట్టింటికి వెళ్తే, భోజనాలయ్యాక అన్నగారు ఒక కాగితం తెచ్చి “ఇక్కడో సంతకం పెట్టమ్మా, ఊరికే ఫార్మాలిటీ” అంటారు. అది హక్కు విడుదల దస్తావేజు అయి ఉండవచ్చు. సంతకం పెట్టవద్దని నేను అనడం లేదు. అన్నదమ్ముల మీద ప్రేమతో వదులుకునే స్వేచ్ఛ మనకు ఉంది. వదులుకుంటున్నది ఏమిటో తెలిసి వదులుకోవాలి. కాగితం పూర్తిగా చదవండి. ఏ ఆస్తి, ఎవరి సంపాదన, ఏ తేదీ అని అడగండి. “చదువుకుని రేపు పెడతాను అన్నయ్యా” అనడంలో మర్యాదకు లోటేమీ లేదు. మా తరగతిలో ఈ పాఠం జరిగిన రోజున గంట కొట్టినా ఎవరూ లేవలేదు. వెనక బెంచీలో కూర్చునే ఒక పెద్దావిడ మాత్రం “ఈ ముక్క పదేళ్ళ కిందట వినవలసింది” అని గొణుక్కుంది.

తెలుగు తరగతి అంటే పద్యాలు, ప్రతిపదార్థాలు అనుకుని వెళ్ళాను. కథానిక పుట్టుక గురించి చెప్పారు. 1910లో వచ్చిన గురజాడవారి దిద్దుబాటే తెలుగులో మొదటి కథానిక అని చాలాకాలం పిల్లలందరూ పరీక్షల్లో రాశారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబగారు ధనత్రయోదశి అనే కథ రాశారు. 1874లో పుట్టిన ఆవిడ బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి సాయంతో ఇంట్లోనే చదువుకుని, గొప్ప స్త్రీల చరిత్రలు సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. పుట్టిన పిల్లలు దక్కని దుఃఖంలోనూ ఆ పని సాగించి, 1905లో చిన్నవయసులోనే పోయారు.

దీనివల్ల గురజాడవారి గొప్పతనం తగ్గదు. ఆయన కథ ఆయనదే. కాని పాఠ్యపుస్తకం చెప్పే “మొదటిది” అనే మాట కూడా ఎవరో వెతికినంత మేరకే నిజం అని మనకు తెలుస్తుంది. అందులో లేనివాళ్ళు ఎవరు, ఎందుకు లేరు అని అడగడం కూడా చదువులో భాగమే.

సరే, ఇవన్నీ బాగానే ఉన్నాయి, పరీక్ష అయిన నెలకి ఎవరికి గుర్తుంటాయి అంటారేమో. నిజమే. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. గంటయ్యేసరికి సగానికి పైగా పోయింది. రోజు గడిచేసరికి మూడింట రెండు వంతులు పోయింది. అర్థం తెలిసి చదివినది అంత తొందరగా పోదు గాని, బట్టీపట్టినది పోయే తీరు ఇదే. పరీక్ష ముందు రాత్రి మింగినది పరీక్ష హాలు గుమ్మం దాటేసరికి ఎందుకు ఆవిరవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి ఉపాయం కూడా పరిశోధకులు కనిపెట్టారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు, కాలేజీ విద్యార్థుల్లో కొందరి చేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. మరికొందరి చేత చదివించాక పుస్తకం మూయించి గుర్తున్నంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత చూస్తే, మూసి రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది.

అంచేత సెమిస్టరు చివర ఒక చిన్న పని పెట్టుకోండి. పుస్తకం మూసి, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో పేజీ చొప్పున మీ మాటల్లో రాయండి. ఈ సబ్జెక్టు నాకు నేర్పిన ప్రశ్న ఏమిటి, దానికి మా ఇంట్లో ఉదాహరణ ఏమిటి, ఇంకా అర్థంకాని దేమిటి, అంతే. పరీక్షలో లాగా అందంగా రాయనక్కర్లేదు. రాశాక పుస్తకం తెరిచి తప్పులు దిద్దుకోండి. మరుసటి వారం ఒకసారి, మరుసటి నెల ఒకసారి ఆ పేజీ చూడకుండా ఎవరికైనా చెప్పండి. ఆయన పేపరు వదలకపోతే పక్కింటి పిన్నిగారికి చెప్పండి. ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పలేకపోయిన చోటే మనకు అర్థం కాలేదని తెలిసిపోతుంది. నాలుగు సబ్జెక్టులకు నాలుగు కాగితాలు. వాటిని బియ్యం డబ్బా మీద పెట్టినా చాలు, తూకానికి మాత్రం వెయ్యకండి.

మీరు చదవకపోయినా, కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే ఇదే పని వాళ్ళతో చేయించవచ్చు. ఇంటికొచ్చిన పిల్లను “ఎన్ని మార్కులు వస్తాయే?” అని అడిగితే విసుక్కుంటుంది. “ఈ ఆర్నెల్లలో విన్నవాటిలో నాకు చెప్పదగ్గది ఒకటి చెప్పు” అని కూర్చోపెట్టండి. మొదట “నీకేం తెలుస్తుందమ్మా” అంటుంది. వదలకండి. మీకు తెలిసేలా చెప్పడానికి ప్రయత్నించడంలోనే దానికి ఆ పాఠం వస్తుంది. మీకూ కొంత వస్తుంది.

చివరగా ఒక్క మాట. ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్ళు ఆగిపోయేది సాధారణంగా మొదటి సెమిస్టరు తర్వాతే. ఒక పేపరు పోతుంది. పరీక్షల రోజుల్లో పప్పు మాడిందని ఎవరో ఒక మాట అంటారు. “ఈ వయసులో ఉద్యోగం చెయ్యాలా, ఊళ్ళేలాలా” అంటారు. మనకూ నిజమేననిపిస్తుంది. పోయిన పేపరు మళ్ళీ రాసుకోవచ్చు, దానికోసం తక్కినవి ఆపనక్కర్లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారికి చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. స్వాతంత్ర్య పోరాటంలో జైళ్ళకు వెళ్ళొచ్చాక ఆవిడ మళ్ళీ చదువు మొదలెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చేసి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్ళ కోసం, తక్కువ కాలంలో మెట్రిక్ వంటి పరీక్షలకు తయారుచేసే సంక్షిప్త కోర్సులను 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ప్రారంభించింది. ఆ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆగిన చదువు మళ్ళీ సాగుతుందని తాను చేసి చూపించిన మనిషి గనుకనే, పదిమందికీ ఆ దారి వేయగలిగారు.

ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. అంకె కనబడితే ఎవరిదని అడగడం, మందు పేరు వినబడితే దేనితో పోల్చారని అడగడం, కాగితం ముందుకొస్తే చదివి సంతకం పెట్టడం, మన పనికి వెల ఉందని తెలిసి మాట్లాడడం, ఇవి వచ్చాయంటే ఆ ఇంటి తీరే మారుతుంది. రెండో సెమిస్టరుకు ఫీజు కట్టే గడువు దగ్గరపడుతూంటే, ఇంట్లో “ఇంకా ఎందుకు?” అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ నాలుగు కాగితాలూ తీసి ముందు పెట్టండి. సమాధానం వాటిలోనే ఉంటుంది.

సెలవు.